రన్‌వే అయిపోయాక ఏముంది? కేంద్ర పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

మామునూరులో మళ్లీ విమానం దిగుతుందంటే మా వరంగల్‌లో సంతోషపడని మనిషి లేడు. నిజాం కాలంలో 1930లో మొదలై, 1981 దాకా విమానాలను చూసి, ఆ తర్వాత గడ్డి మొలిచి పడివున్న నేల అది. 2025లో మీ శాఖ ఆమోదం తెలిపిందన్న వార్త వచ్చినప్పుడు ఇక్కడ పండగ చేసుకున్నారు. ఆదిలాబాద్, కొత్తగూడెం, అటు కుప్పం, దగదర్తి, పలాస అంటూ ఇంకా ఎన్నో ఊళ్ల పేర్లు వినిపిస్తున్నాయి. ఏ ఊరి సంగతి వచ్చినా జనం అడిగేవి అవే ప్రశ్నలు. రన్‌వే ఎంత పొడవు? ఎయిర్‌బస్ దిగుతుందా, చిన్న ఏటీఆర్ విమానంతోనే సరిపెడతారా? టెర్మినల్ ఎప్పటికి పూర్తవుతుంది? రన్‌వే అయిపోయాక అవతల ఏముంటుంది అని అడిగినవాళ్లు మాత్రం నాకు తారసపడలేదు. ఆ ఒక్క ప్రశ్న మీ ముందు పెట్టడానికే ఈ లేఖ.

నేను విమానం నడిపినవాణ్ని కాను. రోడ్లు, వంతెనలు, కొంతకాలం రన్‌వే పేవ్‌మెంట్ పనులు చేయించి రిటైరైన సివిల్ ఇంజనీర్ని. విమాన ప్రమాదం జరిగినప్పుడల్లా అందరూ పైలట్ ఏం చేశాడని అడుగుతారు. నాకు మాత్రం అక్కడి నేల ఎలా ఉందోనని మనసు లాగుతుంది.

2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నంలో బయల్దేరి ముంబై వెళ్లిన చిన్న జెట్ విమానం సంగతి మీరు ఎరుగుదురు. లియర్‌జెట్ 45 రకం. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది. ముంబైలో అప్పుడు కుండపోత. 700 మీటర్లకు మించి కనబడని పరిస్థితి. 27వ నంబర్ రన్‌వే మీద దిగుతూ విమానం పక్కకు జారింది. రన్‌వే పక్కనున్న నేల మీదికి దూసుకుపోయి రెండు ముక్కలైంది, మంటలు కూడా లేచాయి. ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఆ వార్త కూడా ఎక్కువ రోజులు నిలవలేదు.

అది పక్కకు జారిన ప్రమాదం, చివర దాటినది కాదు. కానీ నేను దాని గురించి ఇంకోలా ఆలోచిస్తాను. ముంబైలాంటి పెద్ద విమానాశ్రయంలో చుట్టూ చదును చేసిన నేల ఉంది, ఫైరింజన్లు క్షణాల్లో చేరుకునే ఏర్పాటు ఉంది. అదే జెట్, అదే వాన, అదే వేగం ఏదో జిల్లా కేంద్రం పక్కనున్న పొట్టి రన్‌వే మీద ఎదురై ఉంటే ఏమయ్యేది? చిన్న విమానం అనగానే నెమ్మదిగా దిగుతుందని జనం అనుకుంటారు. శిక్షణకు వాడే సెస్నాలాంటి వాటి విషయంలో ఆ మాట కొంత నిజమే. చార్టర్లుగా తిరిగే చిన్న జెట్లు అలా కాదు. నేలను తాకేటప్పుడు వాటిలో చాలావాటి వేగం గంటకు 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పైగా కొన్ని రకాలకు, ఇంజన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించే థ్రస్ట్ రివర్సర్లు కూడా ఉండవు, బ్రేకుల మీదే ఆధారం. పెద్ద విమానాలు అడుగుపెట్టని పొట్టి రన్‌వేల మీదికి వెళ్లేవి కూడా ఇవే.

విమానం రన్‌వే చివర దాటి ఎందుకు పోతుందో ఒకసారి చూద్దాం. రన్‌వే మొదలయ్యే అంచు మీదుగా రావలసిన ఎత్తుకన్నా కాస్త పైన వస్తుంది, లేదా రావలసిన వేగం కన్నా కాస్త ఎక్కువతో వస్తుంది. వేగం పది శాతం పెరిగితే ఆపవలసిన శక్తి ఇరవయ్యొక్క శాతం పెరుగుతుంది. వెనకనుంచి గాలి తోడైతే ఇంకా కష్టం. చక్రాలు నేలకు ఆనకుండా విమానం రన్‌వే మీదుగా తేలుతూ పోతుంది, కింద వందల అడుగులు ఊరికే జారిపోతాయి. చివరికి చక్రాలు ఆనినా, వాన నీటి పొర మీద టైరు తేలితే బ్రేకు పట్టదు. విమానాలు మొదట చక్రాలు ఆనించే చోట టైర్ల రబ్బరు రోజూ కొంచెం కొంచెం అంటుకుంటూ పోతుంది. ఎండలో అక్కడ చెయ్యి పెట్టి రుద్దితే వేళ్లకు నల్లగా, జిగటగా తగులుతుంది. వాన పడగానే అదే చోటు నున్నటి గచ్చు అయిపోతుంది. ఆ రబ్బరును ఎప్పటికప్పుడు ఊడబెరకాలి, రన్‌వే పట్టును యంత్రంతో కొలవాలి. పెద్ద విమానాశ్రయాల్లో ఈ పని నియమంగా జరుగుతుంది. నెలకు నాలుగు విమానాలు దిగే చోట ఎవరు పట్టించుకుంటారు?

వీటిలో ఏ ఒక్కటో జరిగితే మామూలుగా విమానం ఆగుతుంది. రెండు మూడు కలిసొచ్చినప్పుడే రన్‌వే చాలదు. అప్పుడు లోపల ఉన్నవాళ్ల ప్రాణాలు చివరి అంచు తర్వాత వచ్చే రెండు మూడు వందల మీటర్ల నేల మీద ఆధారపడతాయి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆ నేలకు ఒక కొలత పెట్టింది. రన్‌వే అంచు తర్వాత 60 మీటర్ల స్ట్రిప్, దాని తర్వాత రన్‌వే ఎండ్ సేఫ్టీ ఏరియా. ఈ రంగంలో ఉన్నవాళ్లు దాన్ని రెసా అంటారు. ప్రయాణికుల విమానాలు దిగే రన్‌వేలకు అది కనీసం 90 మీటర్లు తప్పనిసరి, 240 మీటర్లు ఉంటే మేలని సిఫారసు. అమెరికాలో ప్రామాణికం వెయ్యి అడుగులు, అంటే 300 మీటర్ల పైనే. విమానం గంటకు 130 కిలోమీటర్ల వేగంతో అంచు దాటిందనుకోండి. 90 మీటర్లు దాటడానికి దానికి రెండున్నర సెకన్లు చాలు. ఆ రెండున్నర సెకన్లను మనం ‘నిబంధనల ప్రకారమే ఉంది’ అని ఫైల్లో రాసుకుంటున్నాం.

మంగళూరు మన కళ్ల ముందే జరిగింది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో 166 మంది ఉన్నారు, 158 మంది పోయారు. ఎనిమిది వేల అడుగుల రన్‌వే మీద చక్రాలు ఆనింది సుమారు 5,200 అడుగులు దాటాక. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని, కో-పైలట్ దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని ముమ్మారు చెప్పినా వినలేదని విచారణలో తేలింది. ఇదంతా నిజమే. అయితే అదే విచారణలో ఇంకో సంగతి కూడా ఉంది. రన్‌వే దాటి పోతున్న విమానం రెక్క, చివర లోకలైజర్ యాంటెన్నాను, అంటే విమానానికి రన్‌వే నడిమి దారి చూపే యాంటెన్నాను, మోస్తున్న కాంక్రీటు కట్టడానికి తగిలింది. ఆ తర్వాతే అది లోయలోకి పడింది. కెప్టెన్ నిద్ర గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ కాంక్రీటు గురించి మాట్లాడినవాళ్లు ఎందరు?

పద్నాలుగేళ్ల తర్వాత, 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో జెజు ఎయిర్ విమానం చక్రాలు తెరుచుకోకుండా పొట్ట మీద జారుతూ రన్‌వే దాటింది. అవతల మట్టి దిబ్బలో పాతిన కాంక్రీటు, దాని మీద లోకలైజర్ యాంటెన్నా. దానికి గుద్దుకుని పేలిపోయింది. 181 మందిలో 179 మంది మరణించారు. అక్కడ కూడా ముందు పక్షుల గురించి, ఇంజన్ల గురించి, పైలట్ల గురించి మాట్లాడారు. ఆ దిబ్బ ఎందుకుందన్న ప్రశ్నను జనం గట్టిగా అడిగాకే అధికారులు ఇతర విమానాశ్రయాల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో వెతికారు.

యాంటెన్నా ఉండక తప్పదు. విమానాన్ని రన్‌వే నడిమికి తీసుకొచ్చేది అదే. దాని కాళ్లు మాత్రం తగలగానే విరిగిపడేలా ఉండాలి. పునాది నేలకు సమంగా ఉండాలి, నేలపైకి పొడుచుకు రాకూడదు. ఇది రాకెట్ విద్య కాదు. రోడ్డు పక్కన సైన్‌బోర్డు కాళ్ల విషయంలో కూడా మేము ఇదే సూత్రం పాటిస్తాం. డ్రైవరు తప్పు చేసినా వాడికి ఉరిశిక్ష పడకూడదని హైవే మీద వంతెన అంచున రెయిలింగ్ కడతాం. నిద్రపోయినవాడిదే తప్పు, రెయిలింగ్ ఎందుకని ఏ ఇంజనీరూ అనడు. మరి విమానం విషయంలో ‘పైలట్ పొరపాటు’ అన్న రెండు మాటలతో నేల సంగతి ఎందుకు మూతపడుతోంది?

కోళికోడ్ గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే నా వాదనకు అడ్డొచ్చే సంగతి అక్కడ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2020 ఆగస్టు 7న, కొవిడ్ రోజుల్లో మనవాళ్లను ఇంటికి చేర్చే వందేభారత్ విమానం వానలో దిగింది. లోపల 190 మంది. 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగుల దగ్గర చక్రాలు ఆనాయి. అంటే సగం రన్‌వే అప్పటికే వెనకపడింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. అక్కడ రన్‌వే పొడవును కాస్త తగ్గించి మరీ 240 మీటర్ల రెసా ఏర్పాటు చేశారు. అయినా విమానం దాన్ని దాటి కొండ కిందికి పడింది. అంటే 240 అనే అంకె మంత్రం కాదు. వానకు నానిన ఉత్త నేల ఎంతవరకు ఆపుతుందో లెక్క వేయాలి. దాని తర్వాత లోయ ఉన్న చోట ఉత్త నేలతో సరిపెట్టకూడదు.

అలాంటి చోట్లకు మందు ఎప్పుడో కనిపెట్టారు. న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో 1984లో ఒక డీసీ-10 రన్‌వే దాటి నీళ్లలోకి పోయింది. ఆ తర్వాత పరిశోధనలు జరిగి 1996లో అక్కడే తొలి అరెస్టర్ బెడ్ వేశారు. పేరు ఈమాస్. గాలి బుడగలతో నిండిన తేలికపాటి సిమెంటు దిమ్మెలను రన్‌వే తర్వాత పరుస్తారు. నల్లరేగడిలో ఎడ్లబండి చక్రం దిగబడినట్టు విమానం చక్రాలు వాటిని నలిపేస్తూ లోపలికి దిగుతాయి, వేగం చచ్చిపోతుంది. గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే విమానాన్ని ఆపగలిగేలా దాన్ని లెక్కించి కడతారు. 1999లో అదే కెన్నెడీలో సాబ్ 340 అనే చిన్న ప్రయాణికుల విమానం, 30 మందితో, ఆ దిమ్మెల్లో కూరుకుపోయి ఆగింది.

లాస్ ఏంజెలెస్ పక్కన బర్బ్యాంక్ అనే చిన్న విమానాశ్రయం కథ నాకు మరీ నచ్చుతుంది. 2000 మార్చిలో ఒక బోయింగ్ 737 అక్కడ అతివేగంగా దిగి, చివరనున్న కంచెను చీల్చుకుని, రోడ్డెక్కి, పెట్రోల్ బంకుకు కూతవేటు దూరంలో ఆగింది. ఆ చివర ఈమాస్ వేశారు. 2006 అక్టోబర్‌లో ఏడుగురితో వచ్చిన గల్ఫ్‌స్ట్రీమ్ చార్టర్ జెట్ అదే చివర దాటింది. ఆ దేశంలో పేరున్న బేస్‌బాల్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్ అందులో ఉన్నాడు. దిమ్మెల్లో దిగబడి ఆగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. 2018 డిసెంబర్‌లో భారీ వానలో మరో 737 అక్కడే దాటింది. మళ్లీ అదే జరిగింది, జనం మెట్ల మీదుగా దిగి బస్సెక్కారు. అక్కడి పైలట్లు మన పైలట్లకన్నా దేవతలేం కాదు. వాళ్లూ వేగంగానే వచ్చారు, వానలోనే దిగారు. అవతల నేల మారింది, అంతే.

కొండ మీద రన్‌వే ఉంటే ఏం చేయాలని అడిగేవాళ్లకు వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్ ఉంది. అచ్చం మన మంగళూరు, కోళికోడ్‌లా కొండ నెత్తిన చదును చేసి కట్టిన విమానాశ్రయం. 2010 జనవరిలో 34 మందితో ఉన్న చిన్న జెట్ టేకాఫ్ మానుకుని ఆగలేక చివర దాటింది. దిమ్మెలు పట్టుకున్నాయి, విమానం లోయ ఇవతలే ఆగింది. మరి ఆ తర్వాత? 2015లో ఆ దిమ్మెలను మోస్తున్న మట్టి కట్టే జారి కొండ కిందికి పోయింది. ఇంజనీరుగా ఈ రెండో సంగతి కూడా మీకు చెప్పడం నా బాధ్యత. విదేశాల నుంచి దిమ్మెలు కొనితెచ్చి పరిస్తే పని అయిపోదు. కింద కట్ట, వాన నీరు పోయే దారి, ఏటేటా తనిఖీ అన్నీ కావాలి.

ఇంకో సంగతి. మరీ తేలికైన శిక్షణ విమానాల బరువుకు ఆ దిమ్మెలు సరిగా నలగవు. మన పిల్లలు శిక్షణ పొందే విమానాలకు కావలసింది చదునైన, గుంటలు లేని, అడ్డంకులు లేని శుభ్రమైన నేల. దానికి పెద్ద ఖర్చేమీ లేదు, చూసే కన్ను కావాలి. ఆ కన్ను ఎక్కడ తప్పిపోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక చిన్న రన్‌వే మీద కొత్త తారు పొర పనికి వెళ్లినప్పుడు చూశాను. అంతకుముందు వేసిన పొరలన్నీ కలిసి రన్‌వే ఎత్తు పెరిగింది కానీ అంచు పక్కన మట్టిని ఎవరూ పెంచలేదు. నాలుగు వేళ్ల ఎత్తున మెట్టు ఏర్పడింది. కొంచెం అవతల గడ్డిలో దాగి కేబుల్ ఛాంబర్ కాంక్రీటు గట్టు నేలపైకి జానెడు లేచి ఉంది. ఇంకా అవతల వాన నీటి కాలువ, దాని ఒడ్డున నిలువు గోడ. చిన్న విమానం ముందు చక్రం ఆ గట్టుకు తగిలితే కాలు విరిగి ముక్కు మీద పడుతుంది. బిల్లులో తారు కొలత మాత్రమే ఉంది కాబట్టి ఆ గట్టు సంగతి ఎవరి పనీ కాకుండా పోయింది. పేరు అనవసరం. ఇలాంటివి ఒక్కచోటే ఉంటాయని నేను అనుకోను.

ఇక కంచె అవతలి సంగతి. మా తెలంగాణలో రన్‌వే చివర పొలాలు ఉంటాయి. పొలమంటే రాతి కడీలు పాతి ముళ్లతీగ కట్టిన హద్దులు, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, మోటారు స్టార్టర్ డబ్బా, అన్నిటికీ మించి గట్టులేని పెద్ద వ్యవసాయ బావి. అటు గోదావరి జిల్లాల వైపైతే కాలువ, దాని గట్టు మీద రోడ్డు, రోడ్డు మీద స్కూలు ఆటో. 2005 డిసెంబర్‌లో షికాగో మిడ్‌వే విమానాశ్రయంలో మంచులో దిగిన విమానం కంచె దాటి రోడ్డు మీదికి పోయింది. విమానంలో ఎవరూ చనిపోలేదు. రోడ్డు మీద కారులో ఉన్న ఆరేళ్ల బాబు చనిపోయాడు. రన్‌వే చివరి నేల విమానం ఎక్కేవాళ్లకే కాదు, ఎన్నడూ ఎక్కనివాళ్లకు కూడా ముఖ్యమేనని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మంత్రి గారూ, భూమి విషయంలో మీకు ఎదురయ్యే ఇబ్బంది నాకు తెలుసు. మామునూరు చుట్టుపక్కల రైతులు భూములివ్వాల్సి వచ్చింది. తరతరాల భూమి పోతుంటే ఎవరి కడుపు తరుక్కుపోదు? అందుకే అడుగుతున్నాను. ఒకసారి తీసుకుని, మళ్లీ అయిదేళ్లకు ‘రెసాకు చాలలేదు’ అని అదే రైతు గుమ్మం ముందుకు వెళ్లొద్దు. మొదటి డ్రాయింగులోనే రెండు చివర్లకూ 240 మీటర్లు గీయండి. అది కుదరని చోట అరెస్టర్ బెడ్ గీయండి. రెండూ కుదరకపోతే రన్‌వే పొడవునే తక్కువగా ప్రకటించి, మిగిలిన పేవ్‌మెంటును భద్రతకు వదిలిపెట్టండి. పెద్ద విమానం రాదని మా ఊరివాళ్లు నొచ్చుకుంటారు, ఎమ్మెల్యేలు మీకు వినతిపత్రాలిస్తారు. ఇవ్వనివ్వండి. మాకు ఏటీఆర్ చాలు.

దిమ్మెల ఖర్చు గురించి ఒక మాట. నురుగు కాంక్రీటు మన దేశంలో తయారుకానిది కాదు, ఇళ్ల గోడలకు, పైకప్పులకు వాడుతున్నాం. విమానం చక్రం కింద ఎంత బరువుకు, ఎంత లోతుకు నలగాలన్న లెక్క కష్టమైనదే. కానీ మామునూరుకు దగ్గర్లోనే వరంగల్ ఎన్ఐటీ ఉంది. దేశంలో ఐఐటీలు ఉన్నాయి. మన ఎండకు, మన వానకు, మన నేలకు తట్టుకునే అరెస్టర్ బెడ్ తయారుచేయమని మీ శాఖ వాళ్లకు ఒక పని అప్పగిస్తే కాదంటారా? 2017 ఏప్రిల్‌లో ఉడాన్ మొదలైన రోజునే కడప–హైదరాబాద్ విమానం కూడా ఎగిరింది. సామాన్యుణ్ని విమానం ఎక్కించిన పథకంలో తొలి అడుగు వేసిన ఊళ్లలో ఒకటి మనది. ఆ సామాన్యుడు దిగే నేల మీద కూడా మనమే ముందు నిలబడితే నాకు గర్వంగా ఉంటుంది.

చార్టర్ విమానాల గురించి విడిగా చెప్పాలి. ఎన్నికలొస్తే చిన్న రన్‌వేల మీద నాయకుల విమానాలు బారులు తీరుతాయి. సభకు ఆలస్యమవుతోంది, కింద జనం ఎదురుచూస్తున్నారు, వెనక సీట్లో కూర్చున్నది పైలట్‌కు జీతమిచ్చే యజమానో, యజమానికి కావలసిన పెద్దమనిషో. ఎత్తు ఎక్కువైంది, మళ్లీ పైకి పోదాం అని ఆ కుర్ర కో-పైలట్ నోరు తెరవగలడా? మంగళూరులో కో-పైలట్ అన్నాడు, కోళికోడ్‌లో కూడా అన్నాడు. రెండుచోట్లా వినలేదు. ఇద్దరిలో ఎవరు గో-అరౌండ్ అన్నా మారుమాట లేకుండా పైకి లేపాలి, అలా లేపినందుకు ఎవరూ సంజాయిషీ అడగకూడదు. పెద్ద ఎయిర్‌లైన్స్ తమ పైలట్లకు నేర్పే ఈ పద్ధతి ప్రతి చార్టర్ కంపెనీలోనూ కాగితం మీద కాకుండా నిజంగా అమలవుతోందో లేదో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేత తనిఖీ చేయించండి. పార్టీల నాయకులందరికీ మీరొక లేఖ రాయండి. వాళ్లలో ఒకరిగా మీరు చెబితే వింటారు. పైలట్ ఈ రోజు దిగలేనంటే రోడ్డు మార్గాన వెళ్లాలి, లేదంటే సభ వాయిదా వేసుకోవాలి.

చిన్న విమానాలకు జరిగే ప్రమాదాల విచారణ సంగతి కూడా ఇందులోదే. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తుది నివేదిక వీలైతే ఏడాదిలోగా రావాలి, రాకపోతే ప్రతి వార్షికోత్సవానికీ ఎంతవరకు వచ్చిందో ప్రకటించాలి. విచారణ ఉద్దేశం నేరం మోపడం కాదు, మళ్లీ జరగకుండా చూడడం. ఎక్కువమంది చనిపోతే పత్రికలు వెంటపడతాయి కాబట్టి నివేదిక కోసం ఒత్తిడి ఉంటుంది. ఎవరూ చనిపోని ప్రమాదానికి అడిగే నాథుడు ఉండడు. ఇంజనీరుకు ఎక్కువ పాఠం నేర్పేది మాత్రం అదే. చెప్పడానికి మనుషులు బతికి ఉంటారు, విమానం కాలి బూడిద కాకుండా ఉంటుంది. ఆ నివేదికల్లో రన్‌వే చివరి నేల గురించి ఒక అధ్యాయం తప్పనిసరి చేయండి. మట్టి ఎంత తడిగా ఉంది, చక్రాలు ఎంత లోతు దిగాయి, ఏ అడ్డంకి ఎక్కడ తగిలింది, అది అక్కడ ఎందుకుంది, ఎవరు అనుమతించారు అన్నవి అందులో ఉండాలి. విచారణ చేసే ఏఏఐబీ, లైసెన్సులిచ్చే డీజీసీఏ, విమానాశ్రయాలు కట్టే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మూడూ మీ శాఖ కిందే ఉన్నాయి. ఎవరి తప్పు ఎవరు రాస్తారన్న అనుమానం జనానికి రావడం సహజం. ఏఏఐబీని మీ శాఖకు వెలుపల నిలబెట్టే ఆలోచన చేస్తే ఆ అనుమానానికి చోటుండదు.

ఇప్పుడు నేను మీ నుంచి కోరేది వెంటనే చేయగలిగిన పని. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లైసెన్సు ఉన్నా లేకున్నా విమానాలు దిగే ప్రతి రన్‌వేకూ, రెండు చివర్ల నుంచి 500 మీటర్ల వరకు ఏముందో సర్వే చేయించండి. బావి ఉంటే బావి, కడీ ఉంటే కడీ, కాంక్రీటు గట్టు ఉంటే గట్టు, అన్నీ మ్యాపు మీద పెట్టించండి. ఆ మ్యాపు కలెక్టరేట్‌లోనూ, పంచాయతీ ఆఫీసులోనూ తెలుగులో అతికించండి. అక్కడ దిగే పైలట్‌కు అందేలా చేయండి. మీ అధికారులు తలచుకుంటే ఈ వానాకాలం లోపే అయ్యే పని ఇది. మామునూరు విషయంలో అయితే రన్‌వే చివర్లు చూపించే డ్రాయింగు షీటు టెండరుకు ముందే బయటపెట్టండి. దాన్ని చదవగలిగిన రిటైర్డ్ ఇంజనీర్లం ఈ ఊళ్లో చాలామందిమే ఉన్నాం. మీ శాఖ నుంచి ఒక్క ఫోను వస్తే టేపు, లెవెల్ పట్టుకుని మీ సిబ్బంది వెంట నడవడానికి సిద్ధంగా ఉన్నాం, భత్యం ఏమీ అక్కర్లేదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక రిటైర్డ్ సివిల్ ఇంజనీర్,
హనుమకొండ